ఒక్కడే దేవుడు, పది గుళ్ళ ఊరు

అనకాపల్లి జిల్లా నాతవరం చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మవారి పండగ దగ్గరపడిందంటే పెద్దమనుషులు చందా పుస్తకం పట్టుకుని బయల్దేరతారు. ఏ ఇల్లు ఎంత ఇస్తుందన్నదే లెక్క. ఇస్తుందా ఇవ్వదా అన్న ప్రశ్న పుట్టదు. పుట్టేది ఒక్క చోటే, ప్రార్థనకు వెళ్ళే ఇంటి గుమ్మం దగ్గర. అక్కడ కొందరు ఊళ్ళో బతకాలి కదా అని మారు మాట్లాడకుండా ఇచ్చేస్తారు. కొందరు వీధి దీపాలకో అన్నదానానికో రాసుకోమంటారు, బలికి మాత్రం వద్దంటారు. కొందరు దణ్ణం పెట్టి, మా మనస్సాక్షి ఒప్పుకోదు బాబూ అని పంపేస్తారు. ప్రసాదం దగ్గరా ఇదే తంతు. చేతులు చాచి తీసుకుని తినేవారున్నారు, తీసుకుని పక్కింటి పిల్లలకు పెట్టేవారున్నారు, చెయ్యే చాపనివారున్నారు. ముగ్గురూ ఆదివారం ఒకే మందిరంలో ఒకే చాప మీద కూర్చుంటారు.

క్రీస్తు తప్ప వేరే దారి లేదని నమ్మేవాడు పది దేవుళ్ళున్న ఊళ్ళో ఎలా బతకాలి? ఈ ప్రశ్న మీద గత నూరేళ్ళలో ప్రపంచమంతటా అల్మారాలకొద్దీ పుస్తకాలు వచ్చాయి. చందా పుస్తకం ముందు నిలబడ్డ మనిషికి వాటిలో ఎన్ని పనికొస్తాయన్నది వేరే సంగతి. నిజానికి ఈ తగువు తీర్చడానికి అపొస్తలుడైన పౌలు ఆనాడే కూర్చున్నాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8 నుంచి 10 వరకు మూడు అధ్యాయాలు విగ్రహాలకు అర్పించిన ఆహారం మీదే నడుస్తాయి. విగ్రహంలో ఏమీ లేదు గనుక తింటే తప్పులేదని ఒక మాట, నీ తిండి వల్ల తోటి విశ్వాసి మనసు నొచ్చేటట్టయితే మానెయ్యమని ఇంకో మాట, రెండు బల్లల దగ్గరా కూర్చోవడం కుదరదని మూడో మాట. మూడూ ఒకే మనిషి చెప్పాడు. పైన చెప్పిన ముగ్గురూ ఆ పత్రికలోనే తమకు ఆధారం చూపించగలరు.

పండితుల వైపు నుంచి చూస్తే ఈ చర్చ రూపం ఇది. బ్రిటన్‌లో అలన్ రేస్ 1983లో రాసిన పుస్తకం వచ్చాక ఇతర మతాల పట్ల క్రైస్తవుల వైఖరిని మూడు గళ్ళలో సర్దడం అలవాటైంది. క్రీస్తును ఎరిగి నమ్మినవారికే రక్షణ అనేది మొదటిది. రక్షణ క్రీస్తు ద్వారానే గానీ ఆయన పేరు వినని మంచివారికి కూడా అది అందుతుందనేది రెండోది. జర్మన్ కాథలిక్ పండితుడు కార్ల్ రానర్ అలాంటివారిని పేరు లేని క్రైస్తవులన్నాడు. మతాలన్నీ ఒకే పరమసత్యానికి వేర్వేరు స్పందనలనేది మూడోది. దీనికి పెద్ద గొంతు బ్రిటిష్ తాత్త్వికుడు జాన్ హిక్. యోహాను సువార్త 14వ అధ్యాయం ఆరో వచనం, అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయం పన్నెండో వచనం మొదటివారి కోటగోడలు. రోమన్ కాథలిక్ సంఘం 1965 అక్టోబరు 28న రెండో వాటికన్ మహాసభలో వెలువరించిన ప్రకటనలో ఇతర మతాల్లోని సత్యాన్నీ పవిత్రతనూ తోసిపుచ్చబోమంది. 2000లో వచ్చిన మరో వాటికన్ పత్రం, క్రీస్తు అందరిలో ఒకడు కాడని మళ్ళీ గీత గీసింది. ప్రొటెస్టంట్ సువార్త సంఘాలు 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో చేరి మొదటి గడిలోనే ఉంటామన్నాయి.

ఈ పటం చక్కగా ఉంది. తెలుగునేల మీద పరిస్తే మాత్రం కొలతలు కుదరవు. అక్కడి పండితులు అడిగింది, నా పొరుగువాడికి మోక్షం ఉందా లేదా అని. మన ఊళ్ళలో క్రైస్తవుడైన మనిషి అడిగింది అది కాదు: ఇక నేను ఎవరికి మొక్కాలి, ఎవరికి మొక్కనక్కర్లేదు అని. మొదటిది ఇతరుల గురించి తీర్పు. రెండోది తన గురించి తాను తీసుకున్న నిర్ణయం. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే మన దగ్గర ఈ వాదం ఎప్పుడు మొదలైనా తిట్లతో ముగుస్తుందని నా అభిప్రాయం.

'ఒక్కడే' అన్న పట్టుదల పడవెక్కి వచ్చిన సరుకని కూడా చాలామంది అనుకుంటారు. పాల్కురికి సోమనాథుడు చదివినవారు ఆ మాట అనలేరు. బసవపురాణంలోని భక్తులకు శివుడు తప్ప మరో దైవం పొడ గిట్టదు. లింగం లేనివాడు భవి. వాడి ఇంట తినరు, వాడితో వియ్యమందరు. వీరవైష్ణవంలోనూ ఇంతే పట్టుదల ఉంది. ఆ రోజుల్లోనే నెల్లూరులో తిక్కన తన భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. హరీ హరుడూ ఒకే మూర్తి. శైవులూ వైష్ణవులూ తలలు పగలగొట్టుకుంటున్న కాలంలో అది కవి చేసిన రాజీ ప్రయత్నం కూడా. అంటే ఒక్కడే అన్నవారూ, అందరూ ఒక్కటే అన్నవారూ పదమూడో శతాబ్దం నుంచీ మన ఇంటి మనుషులే. తేడా ఎక్కడుందంటే, తిక్కన చేసిన సమన్వయం గుడి లోపలి దేవుళ్ళ మధ్య. గుడి బయటే నిలబెట్టినవాళ్ళకు హరి అయినా హరుడైనా గోపురం దాకానే.

ఆ బయట నిలబడ్డవారి కథే ఒంగోలు కథ. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. ఆయనకంటే ముందు చెప్పుకోవలసిన మనిషి తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. క్రీస్తు మాట వినకముందే రాజయోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది, విగ్రహాలను వదిలి, లోపల ఉన్న దేవుణ్ణి వెతుకుతున్నవాడు. క్లౌ భార్య ఎమ్మా 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ యోగ సంప్రదాయాల సంగతి వివరంగా రాసింది. దాన్ని చదివితే ఒక పాత అభిప్రాయం కూలిపోతుంది. మాదిగలు క్షామంలో బియ్యం కోసం మతం మారారన్నదే ఆ అభిప్రాయం. ఒక్క దేవుడి కోసం ఆకలి అప్పటికే ఉంది. క్రీస్తు దానికి జవాబుగా వచ్చాడు.

ఒంగోలులో మొదట్లోనే ఒక బేరం వచ్చింది. మాదిగలను చేర్చుకోకపోతే మేం వస్తామని పైకులాలవారు కొందరు కబురు పంపారు. ఏం చెయ్యాలో తోచక క్లౌ ఒక గదిలో, ఆయన మొదటి భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కళ్ళబడిందని క్లౌ రాసుకున్నాడు: దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్న భాగం. కాకతాళీయమో కాదో ఎవరి నమ్మకం వారిది. బేరం మాత్రం కుదరలేదు. చేరిన మాదిగలకు ఆయన పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

ఈ మూడో షరతు దగ్గర కాస్త ఆగాలి. ఇవాళ నగరంలో కూర్చుని చదివితే అది పరమత ద్వేషంలా కనిపిస్తుంది. అప్పటి పల్లెలో దాని అర్థం వేరు. అమ్మవారి జాతరలో మాదిగకు ఉన్న చోటు భక్తుడి చోటు కాదు, పనివాడి చోటు. డప్పు కొట్టాలి, దున్నను తెగవెయ్యాలి, రక్తం కలిపిన కూడు పొలిమేర చుట్టూ చల్లాలి. ఊరి కీడంతా అతని నెత్తి మీదుగా పోవాలి. విగ్రహానికి మొక్కను అన్న రోజున అతను వదిలింది ఒక దేవతను మాత్రమే కాదు, ఒక వెట్టిని కూడా. ఊరి పెద్దలకు ఇది వెంటనే అర్థమైంది. డప్పు కొట్టం అన్న క్రైస్తవ మాదిగలను బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపారు, కొట్టారు. వాళ్ళు కోపగించింది సిద్ధాంతం మీద కాదు, డప్పు ఆగినందుకు. 1876-78 క్షామం తర్వాత 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య ప్రపంచమంతా మోగింది. దాని వెనక ఎన్ని డప్పులు మూలపడ్డాయో ఎవరూ లెక్క రాయలేదు.

అందుకే సర్వమత సమభావాన్ని పొగిడేవారిని నేను ఒకటి అడుగుతాను: ఆ భావం ఎవరి ఇంటి అరుగు మీద నుంచి కనిపించినది? గుడిలోకి పోగలిగినవాడికి అన్ని గుళ్ళూ ఒకటే అనడం తేలిక. ఏ గుడిలోకీ పోలేనివాడికి తనను లోపలికి పిలిచిన ఒక్క దేవుడు మిగతా దేవుళ్ళతో సమానం ఎలా అవుతాడు?

ఈ వాదమే 1930లలో గాంధీకీ దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్యకూ మధ్య నడిచింది. అజరయ్య తమిళుడు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. పని అంతా తెలుగు మాల మాదిగల మధ్య. దోర్నకల్‌లో ఆయన కట్టించిన పెద్ద చర్చి 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. దాని స్తంభాల్లో గుడి కనిపిస్తుంది, గుమ్మటాల్లో మసీదు కనిపిస్తుంది. గాంధీ అన్ని మతాలూ సత్యమే, అన్నింటిలోనూ లోపాలున్నాయి, కనుక మారడం దేనికని వాదించాడు. హరిజనులకు ఆ సూక్ష్మాలు తెలిసే అవకాశం లేదన్నాడు. అజరయ్యకు నొప్పి తగిలింది ఈ రెండో మాట దగ్గర. తనకు ఏది మంచిదో తెలుసుకునే తెలివి పేదవాడికి లేదనడం ఏ మత సమానత్వం? క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు వద్దన్నది కూడా ఇదే అజరయ్య. విశ్వాసంలో వేరు, పౌరుడిగా ఒకటి. ఈ రెండు మెట్లనూ విడదీసి చూసినవారు అప్పట్లో తక్కువ, ఇప్పుడు ఇంకా తక్కువ.

తెలుగువారిలోనే ఇంకో దారి తొక్కినవారు ఇద్దరున్నారు. నెల్లూరుకు చెందిన పాండిపెద్ది చెంచయ్య (1886-1959) చిన్నతనంలోనే తండ్రితో పాటు క్రైస్తవుడయ్యాడు, న్యాయశాస్త్రం చదివి పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశాడు. 1938 డిసెంబరులో మద్రాసు దగ్గర తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దానికోసం డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ లావుపాటి గ్రంథం రాసిచ్చాడు. క్రీస్తు సువార్తకూ మానవుడు కట్టుకున్న మతాలకూ మధ్య వంతెన లేదన్నది దాని సారం. చెంచయ్యా, ఆయన మిత్రులూ అదే ఏడు మరో పుస్తకంతో బదులిచ్చారు. క్రీస్తు సృష్టిలో కొత్త మెట్టు, కొత్త మనిషి; ఆయన్ని పట్టుకోవడానికి పాశ్చాత్య సంఘం కట్టిన ప్రాకారం అక్కర్లేదు, హిందువుగా తాను తెచ్చుకున్న వారసత్వాన్ని పారెయ్యనూ అక్కర్లేదు అన్నది చెంచయ్య వాదన. క్రీస్తు ఒక్కడే అన్న చోట ఆయన క్రేమర్‌కంటే ఒక్క అంగుళం కూడా వెనక్కి తగ్గలేదు. తగ్గింది సంఘమే రక్షణ అన్న చోట.

చెంచయ్య తర్కించినదాన్ని కలగర సుబ్బారావు (1912-1981) బతికి చూపించాడు. కృష్ణా జిల్లా మునిపల్లెకు చెందిన బడిపంతులు, దేవుడి మీద నమ్మకం లేనివాడు. 1942లో జబ్బుతో మంచాన ఉన్నప్పుడు క్రీస్తు కనిపించాడన్నాడు. ఆ తర్వాత ఆయనకు క్రీస్తు తప్ప గురువు లేడు. రోగుల కోసం ప్రార్థించాడు, పాటలు కట్టాడు, వేలమంది ఆయన వెంట వచ్చారు. బాప్తిస్మాన్ని మాత్రం వ్యతిరేకించాడు. పాదిరీలను వెనక్కి పొమ్మని ఒక పుస్తకమే వేశాడు. డెన్మార్క్ నుంచి వచ్చిన చరిత్రకారుడు కాజ్ బాగో 1968లో ఈ ఉద్యమం మీద ప్రత్యేకంగా రాశాడు. సుబ్బారావు దారిలో లోపం లేకపోలేదు. ఆయన మతాన్ని వదిలాడు గానీ కులం ఆయన్ని వదలనక్కర్లేకపోయింది. మాదిగ పేరయ్యకు కొత్త సంఘం కావాలి, ఎందుకంటే పాత ఊళ్ళో చోటు లేదు. కమ్మ కుటుంబంలో పుట్టిన సుబ్బారావుకు పాత ఊళ్ళో చోటుంది, కనుక కొత్త సంఘం బరువనిపించింది. ఈ మాటతో ఆయన భక్తిని తక్కువ చెయ్యడం లేదు. విశ్వాసం ఎవరికి ఎంత ఖరీదు పడుతుందో చెబుతున్నాను.

ఖరీదు అంటే ఈ రోజుల్లో ముందు గుర్తొచ్చేది కులం సర్టిఫికెట్టు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సి కింద పెట్టారు; రిజర్వేషన్ వాటా ఒక శాతం. షెడ్యూల్డు తెగలకు ఈ మతం నిబంధన లేదు. నాతవరం మండలంలో దీని అర్థం చూడండి. కొండవైపు ఊళ్ళలో కొండదొర, బగత కుటుంబాలు చర్చికి వెళ్ళినా ఎస్టీలే. పల్లంలో మాల, మాదిగ కుటుంబాలు అదే పాస్టరుగారి దగ్గర అదే బాప్తిస్మం తీసుకుంటే కాగితం మారిపోతుంది. ఒకే నీళ్ళు, ఒకే ప్రార్థన, ఇద్దరికి రెండు ఫలితాలు. కనుక పల్లంలో మనిషి తాసిల్దారు ఆఫీసులో హిందువు, ఆదివారం క్రైస్తవుడు. ఒక్కడే దేవుడు అని గట్టిగా నమ్మేవాడి చేత రెండు పేర్లు మోయిస్తున్నది మన చట్టమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా లెక్కల్లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 2011 నాటికి 1.34 శాతం. ఈ నలభై ఏళ్ళలో తెలుగు పల్లెల్లో ప్రార్థన మందిరాలు తగ్గాయని కళ్ళున్నవారెవరూ అనరు. మరి మనుషులు ఎక్కడికి పోయారు? కొన్ని కారణాలు వేరే ఉండవచ్చు, పెద్ద కారణం కాగితమే. 2021లో రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకూ ఇమాములకూ ఇచ్చినట్టే పాస్టర్లకూ నెలకు 5,000 రూపాయల గౌరవవేతనం మొదలుపెట్టినప్పుడు, తీసుకుంటున్నవారిలో ఎస్సీ సర్టిఫికెట్టు ఉన్నవారున్నారన్న ఫిర్యాదులు ఢిల్లీ దాకా వెళ్ళాయి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. కేంద్రం అంతకుముందే, 2022లో, మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇదే విషయం మీద కమిషన్ వేసింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడంది. మతం మారినవాడి మీద కులం పేరిట చెయ్యెత్తినవాడు, ముందు అతని బాప్తిస్మం సంగతి కనుక్కుని మరీ ఎత్తుతాడా?

ఇదే వ్యవహారానికి ఇంకో అంచు 1976 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ కేసు. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడు తిరిగి హిందువైతే, ఆ కులస్థులు తమవాడిగా ఒప్పుకుంటే, కులం తిరిగి వస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే దేవుణ్ణి మార్చుకుంటే పోయే కులం, దేవుణ్ణి మళ్ళీ మార్చుకుంటే వస్తుంది. మరుసటి ఏడు స్టానిస్లాస్ కేసులో, మతాన్ని ప్రచారం చేసే హక్కు అంటే ఇంకొకణ్ణి మార్చే హక్కు కాదని తేల్చింది. మనకు ఆనుకుని ఉన్న ఒడిశాలో మతమార్పిడి నిరోధక చట్టం 1967 నుంచే ఉంది.

ఇంతవరకూ రాసింది చదివితే నేను చర్చి తరఫు వకీలునని ఎవరైనా అనుకోవచ్చు. చర్చి మీద ఉన్న ఫిర్యాదు చిన్నది కాదు. ఒక్కడే దేవుడన్న సంఘంలో మాల చర్చి, మాదిగ చర్చి వేర్వేరుగా ఉన్న ఊళ్ళు తెలుగునేల మీద లెక్కకు మించి ఉన్నాయి. సంబంధాల దగ్గర కమ్మ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు తమ కులంలోనే వెతుకుతారు. గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టాడు; తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. 1941 నాటి కావ్యంలో గబ్బిలాన్ని కాశీలోని శివుడి దగ్గరికి రాయబారం పంపినందుకు, హిందూ పురాణాల మీద కవిత్వం చెప్పినందుకు చర్చివాళ్ళు ఆయన్ని దూరం పెట్టారు. కులం తక్కువని సభల్లో హిందువులు దూరం పెట్టారు. ఆయనే రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఒక కవి శివుడితో మాట్లాడినంత మాత్రాన క్రీస్తు చిన్నబోతాడనుకున్న సంఘానిది విశ్వాసం కాదు, భయం.

ఆ భయం ఇప్పుడు మైకుల్లోకీ యూట్యూబులోకీ ఎక్కింది. పొరుగువాడి దేవుణ్ణి రాయి రప్ప అని ఎగతాళి చేసే ప్రసంగానికి, బైబిల్లో తప్పులు వెతికి వెక్కిరించే ఎదుటి ప్రసంగానికి చూసేవాళ్ళు దండిగా ఉన్నారు. ఇద్దరికీ గిట్టుబాటవుతోంది. ఊళ్ళో కొత్త పాస్టరుగారు సువార్త కూటం పెట్టి పొలిమేర అమ్మవారిని దెయ్యం అన్నాడంటే, రేపు పొద్దున ఆ మాట మోయాల్సింది ఆయన కాదు. చందా పుస్తకం ముందు నిలబడే ఆ ఊరి విశ్వాసి. తన దారి ఒక్కటే దారి అని చెప్పడానికి ఎదుటివాడి దారిలో ఉమ్మెయ్యాల్సిన పని లేదు. పౌలు ఏథెన్సులో విగ్రహాలను చూసి మనసు మండినా, నోరు తెరిచినప్పుడు ఆ ఊరివాళ్ళ భక్తిని ప్రస్తావించే మొదలుపెట్టాడు, వాళ్ళ కవుల మాటనూ ఎత్తాడు. మన కూటాల్లో అపొస్తలుల కార్యాల్లోని ఆ అధ్యాయం ఎందుకో తక్కువ చదువుతారు.

సామాన్యుడి జీవితం ఈ గీతలకు కట్టుబడి ఉండదన్నది ఇంకో నిజం. విజయవాడ గుణదలలో ఫిబ్రవరి 11 నాటి మేరీమాత ఉత్సవానికి వచ్చేవారిలో హిందువులు ఎందరో. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. విశాఖ రేవు పక్కన మూడు గుట్టల మీద గుడి, దర్గా, మేరీమాత చర్చి వరసగా ఉంటాయి. రాకపోకలు ఒకవైపు నుంచే అనుకోకండి. ప్యూ పరిశోధన సంస్థ 2019-20లో దేశమంతటా దాదాపు 30,000 మందిని అడిగితే, క్రైస్తవుల్లో మూడో వంతు గంగకు పాపాలు కడిగే శక్తి ఉందన్నారు. అదే సర్వేలో అన్ని మతాలనూ గౌరవించడం భారతీయత అన్నవారు 84 శాతం. అయితే పెళ్ళి దగ్గర, స్నేహాల దగ్గర ఎవరి గూడు వారిదేనని కూడా అదే సర్వే చూపింది. గౌరవం అందరికీ ఉంది, కంచె కూడా అందరికీ ఉంది. అన్నీ ఒకటే అన్న సమాజం కూతురు వేరే మతంవాణ్ణి చేసుకుంటానంటే అన్నీ ఒకటే అనదు.

జాన్ హిక్ వాదం దగ్గరికి మళ్ళీ వస్తే, నాకు దాని మీద గౌరవం ఉంది, అంగీకారం లేదు. మతాలన్నీ ఒకే సత్యానికి నీడలని చెప్పేవాడు ఏ మతస్థుడూ తన గురించి తాను అనుకోని మాట చెబుతున్నాడు. క్రైస్తవుడికీ ముస్లింకూ అద్వైతికీ మీకు తెలియనిది నాకు తెలుసు అంటున్నాడు. ఇదీ ఒక ఏకైక సత్యమే, కాకపోతే మర్యాద దుస్తుల్లో ఉంది. అమెరికన్ తాత్త్వికుడు ఆల్విన్ ప్లాంటింగా ఈ లోపం ఎత్తి చూపాడు: ఏ నమ్మకమైనా దానికి విరుద్ధమైనది తప్పని అనుకోక తప్పదు, కనుక ఆ ఒక్క కారణానికి నమ్మేవాణ్ణి అహంకారి అనలేం. మన ఊళ్ళలో అందరూ ఒకటే అన్న మాట చాలాసార్లు ఆహ్వానంగా మొదలై ఆజ్ఞగా ముగుస్తుంది. అందరూ ఒకటే కదా, మరి నువ్వెందుకు దణ్ణం పెట్టవు? 1986లో సుప్రీంకోర్టు కేరళలోని యెహోవా సాక్షుల పిల్లల కేసులో దీనికి చక్కగా జవాబిచ్చింది. జాతీయగీతం పాడకుండా మర్యాదగా నిలబడిన పిల్లలను బడి నుంచి తీసెయ్యడం తప్పంది. వాళ్ళ నమ్మకం సరైనదా అని కోర్టు చూడలేదు. నిజాయితీగా నమ్ముతున్నారా, గౌరవం తప్పారా అని చూసింది. చందా పుస్తకం పట్టుకున్న పెద్దలకూ ఈ రెండు ప్రశ్నలు చాలు. ఇవ్వనన్నవాడు మర్యాదగా అన్నాడా? రేపు చెరువు పూడిక తీయడానికి అందరితో పాటు పలుగు పట్టుకొస్తాడా?

మర్యాద పోయిన చోట ఏమవుతుందో 2025 జనవరిలో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వచ్చిన కేసు చూపింది. క్రైస్తవ పాస్టరుగా చనిపోయిన ఒక తండ్రిని పుట్టిన ఊళ్ళో పూడ్చనివ్వలేదు. శవం వారాల తరబడి మార్చురీలో ఉంది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు రాశారు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానంలో పూడ్చమన్నారు. బస్తర్ మనకు దూరం కాదు.

ఇక మొదటి గడి పండితులు ముఖ్యమనుకున్న ప్రశ్న, వినకుండా చనిపోయినవారి గతేమిటన్నది. నాతవరం పైనున్న కొండల్లో అది సిద్ధాంత ప్రశ్న కాదు, కుటుంబం సంగతి. తాండవ రిజర్వాయరు మీదున్న ఊళ్ళలో మొదటి తరం విశ్వాసులు చాలామంది. వాళ్ళ తాతలూ అమ్మమ్మలూ క్రీస్తు పేరు వినకుండానే పోయారు. బాప్తిస్మం తరగతిలో పాస్టరుగారిని వాళ్ళు తప్పక అడిగేది ఇదే: మా అమ్మమ్మ ఎక్కడుంది? నరకంలో ఉందన్న పాస్టర్లున్నారు. ఆ జవాబు విని లేచిపోయినవారూ ఉన్నారు. మద్రాసులో బిషప్పుగా పనిచేసిన లెస్లీ న్యూబిగిన్, క్రీస్తు ఒక్కడే రక్షకుడని చివరిదాకా పట్టుబట్టినవాడు, ఈ ప్రశ్నకు జవాబివ్వడానికి ఒప్పుకోలేదు. ఆ తీర్పు దేవుడిది, ఎవరు రక్షణ పొందారో లెక్కకట్టడం మన పని కాదన్నాడు. గట్టి నమ్మకం ఉన్న మనిషి ఒక ప్రశ్నను దేవుడికి వదిలెయ్యడం చేతగానితనం కాదు. బాప్తిస్మం తరగతి చెప్పే పాస్టర్లు ఆ జవాబు నేర్చుకోవాలంటే అది ముందు తెలుగులో ఉండాలి. న్యూబిగిన్ రాసింది ఇంగ్లీషులో, చెంచయ్య రాసింది కూడా ఇంగ్లీషులోనే.